హీటర్ మీద నమ్మకం ఉంది, దాని థర్మోస్టాట్ మీదే లేదు

కొన్న కొత్తలో ఈ చేపల ట్యాంకు హీటర్‌ను మస్తు మెచ్చుకున్నాను, తెలిసినవాళ్లతో కొనిపించాను కూడా. డిసెంబర్ చలిలోనూ నీళ్లు 26 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండేవి. హీటర్ కాగుతుంటే వెలిగే ఎర్ర లైటు ఎప్పుడు చూసినా వెలుగుతూనే ఉండేది. ఇప్పుడు నా కోపమంతా ఆ ఆరని లైటు మీదే.

మాది హన్మకొండ. వంద లీటర్ల ట్యాంకులో ఏంజెల్ ఫిష్, నియాన్ టెట్రాలు. లీటరుకు ఒక వాట్ లెక్కన షాపతను 100 వాట్లది ఇచ్చాడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఆ ఏడూ అట్లనే పోయింది, అది పోయాకే అసలు సంగతి బయటపడింది. ఒక మధ్యాహ్నం చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి. డయల్ 26 మీద ఉంది, థర్మామీటరు 34 చూపిస్తోంది, లైటు వెలుగుతోంది. ప్లగ్గు పీకేసి, మూత తీసి, ఎయిర్ పంపు పెంచి, టేబుల్ ఫ్యాను నీళ్ల మీదకు తిప్పాను. చల్లనీళ్లు మాత్రం పోయలేదు, వేడి ఒక్కసారిగా దింపితే బతికినవి కూడా ఆ దెబ్బకు పోతాయి. నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే వేడికి చేపకు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. సాయంత్రానికి ఏంజెల్స్ తేరుకున్నాయి. నియాన్లు ఒక్కటీ దక్కలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

ఈ రకం హీటర్ల లోపల రెండు లోహాల పట్టీ ఉంటుంది, థర్మోస్టాట్ అంటే అదే. వేడికి అది వంగి కరెంటు తెంపాలి. తెంపినప్పుడల్లా లేచే చిన్న రవ్వకు కాంటాక్టులు కాలి కాలి ఒకరోజు అతుక్కుపోతాయి. ఇక హీటర్ ఆగదు. చలికాలంలో గది లాగేసే వేడికీ హీటర్ ఇచ్చే వేడికీ సరిపోతే, థర్మోస్టాట్ చచ్చిపోయినా నీళ్లు 26 దాటవు. అందుకే, కదలకుండా ఉండేవన్నాను గానీ, అందులో థర్మోస్టాట్ వంతెంతో, మా గది చలి వంతెంతో.

తర్వాత అదే కంపెనీ 50 వాట్లది, దానికి తోడు నీళ్ల వేడి చూసి హీటర్‌కు కరెంటు తెంపే, బయట పెట్టే కంట్రోలర్ ఒకటి తెచ్చాను. నాకు నిజంగా నచ్చింది ఈ కంట్రోలరే. సెన్సార్ వైరు నీళ్లలో, హీటర్ ప్లగ్గు కంట్రోలర్‌లో. కంట్రోలర్ 26కు, హీటర్ డయల్ 28కి పెట్టాను. ఒకటి తెంపకుంటే ఇంకోటి తెంపుతుంది. రెండూ మొరాయించినా 50 వాట్లతో వంద లీటర్లు అంత తొందరగా కాగవు. పొద్దున లేవగానే హాల్లోంచే అంకె కనిపిస్తుంటే ప్రాణం కుదుటపడుతుంది.

దీనికీ ఒక లోటుంది. సెన్సార్‌ను పట్టి ఉంచే రబ్బరు కొన్నాళ్లకు గట్టిపడి ఊడుతుంది. సెన్సార్ నీళ్లలోంచి బయటికొస్తే గది చలినే చూపిస్తుంది, కంట్రోలర్ ఇక కరెంటు తెంపదు. అందుకే దాన్ని ఫిల్టర్ గొట్టానికి కట్టేశాను. ఇన్వర్టర్ మీద ఫిల్టర్, పంపు మాత్రమే పెట్టాను. కరెంటు పోయినా అన్ని నీళ్లు గంటా రెండు గంటల్లో చల్లబడవు.

మా ట్యాంకు ఇంటి మధ్య హాల్లో ఉంది, కిటికీలు మూస్తే పెద్దగా చల్లబడదు కాబట్టి 50 సరిపోతోంది. గోల్డ్ ఫిష్‌లు మాత్రమే ఉన్నవాళ్లకు మన దగ్గర హీటరే అక్కర్లేదు. రాత్రుళ్లు పది డిగ్రీల కిందకు దిగే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపైతే ఒక 100 బదులు రెండు 50లు పెట్టుకోమంటాను, రెండూ కంట్రోలర్ మీదే.