64 జీబీ ర్యామ్ వేయించినా సిస్టమ్ స్లో: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

నెల్లూరులో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. 12×36 అంగుళాల షీటు 300 డీపీఐలో తెరిస్తే ఒక్క లేయరే 110 ఎంబీ దాటుతుంది. అలాంటి లేయర్లు పదిహేనేసి ఉన్న షీట్లు నాలుగైదు ఒకేసారి తెరిచి పెట్టుకుంటాను. అందుకే 32 జీబీతో అసెంబుల్ చేయించిన సిస్టమ్‌కు ఏడాది తిరక్కుండానే ఇంకో 32 వేయించాను. "వేయించు అన్నా, ఎగిరిపోద్ది" అన్నారు షాపులో.

ఎగరకపోగా ముందుకన్నా నెమ్మదించింది. మాఘమాసం ముహూర్తాల ఆర్డర్లన్నీ మీదపడిన వారంలో సేవ్ నొక్కితే నిమిషం పైగా కదిలేది కాదు. పెళ్లివాళ్ల ఫోన్లు ఒకవైపు, ఈ టెన్షన్ ఒకవైపు.

టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే మెమరీ సగం కూడా నిండలేదు. డిస్కు మాత్రం 100 శాతం దగ్గర నిలబడిపోయింది. 250 జీబీ సీ డ్రైవ్‌లో మిగిలింది 4 జీబీ. కారణం తెలిశాక చాలా బాధేసింది. హైబర్నేషన్ (తెరిచున్న పనిని డిస్కులో దాచి సిస్టమ్‌ను ఆపేసే పద్ధతి) ఆన్‌లో ఉంటే విండోస్ దానికోసం సీ డ్రైవ్‌లో ఒక ఫైలు పెట్టుకుంటుంది. దాని సైజు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం. 64 జీబీకి అది సుమారు 25 జీబీ. ర్యామ్‌కు తోడుగా విండోస్ డిస్కులో వాడుకునే పేజ్ ఫైల్ కూడా అక్కడే, ఫొటోషాప్ తన తాత్కాలిక డేటా పెట్టుకునే చోటు, అంటే స్క్రాచ్ డిస్క్ కూడా అక్కడే. కళ్లం పెద్దది చేశాను గానీ, బస్తాలు బయటికి పోయే దారిని నేనే ఇరుకు చేసుకున్నాను.

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి హైబర్నేషన్ ఆపేశాను. ఆ 25 జీబీ వెంటనే తిరిగొచ్చింది. దాంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, ఉదయం ఆన్ అవడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. నాకు అది లెక్కలోది కాదు. తర్వాత 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ) కొని స్క్రాచ్ డిస్క్ దానిమీదికి మార్చాను. ఈ రెండున్నరేళ్లలో నా పనిని నిజంగా మార్చింది ఆ ఒక్క మార్పే.

ఇంత ర్యామ్ ఉంది కదా అని పేజ్ ఫైల్ కూడా తీసేశాను. అది తప్పు. మెమరీ చాలదని చెప్పి ఫొటోషాప్ మూతపడింది, రెండు గంటల పని పోయింది. దాని సైజు విండోస్‌కే వదిలేయండి. ర్యామ్ క్లీనర్ సాఫ్ట్‌వేర్ల జోలికి అసలు పోవద్దు. పూర్తిగా ఫ్రీగా ఉన్న మెమరీ తక్కువగా కనిపించడం జబ్బు కాదు. ఖాళీగా ఉన్న చోటును విండోస్ క్యాష్‌గా, అంటే మళ్లీ కావాల్సిన ఫైళ్లను దగ్గర ఉంచుకునే చోటుగా వాడుకుంటుంది, అవసరమైనప్పుడు ఇచ్చేస్తుంది. క్లీనర్ దాన్ని ఊడ్చేస్తే అదే ఫైలును మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకోవాలి.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో స్పీడ్ అని ఒక అంకె ఉంటుంది, అదీ చూసుకోండి. నేను కొన్నవి 3200 స్పీడు ర్యామ్ స్టిక్కులు, నడుస్తున్నది 2133లో. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్, ఎవరూ ఆన్ చేయలేదు. ఆన్ చేశాక రెండుసార్లు బ్లూ స్క్రీన్ వచ్చింది. పాత జత ఒక కంపెనీది, కొత్త జత ఇంకో కంపెనీది. 2933కి తగ్గించి, రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టాను. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అప్పటినుంచి ఇబ్బంది లేదు. కొనేటప్పుడే ఒకే కిట్ (కలిపి అమ్మే స్టిక్కుల సెట్) తీసుకుని ఉండాల్సింది.

మే నెలలో మళ్లీ స్లో అయింది, ఈసారి కారణం వేరు. మన ఎండలకు ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటి, తన స్పీడు తానే తగ్గించుకుంది. దుమ్ము దులిపి, ప్రాసెసర్ మీద వేడిని లాగే థర్మల్ పేస్టు మార్పించాను.

ఆల్బమ్ పని మాత్రమే చేసేవాళ్లకు ఒకే జత 32 జీబీ, మంచి ఎన్‌వీఎంఈ చాలు. నేను కిందటేడు నుంచి 4కే వీడియో ఎడిటింగ్ కూడా మొదలుపెట్టాను. ఆ రెండో 32 జీబీ పనికొచ్చింది అప్పుడే.