ఇత్తడి సింక్ ట్యాప్: పనితనం బాగుంది, మెడే ఎత్తు

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ పాతది, నీళ్లు బోరువి. ఉప్పు పేరుకోవడం, వాషర్లు పోవడం మాకు మామూలే. వంటింటి కుళాయి ఎంత బిగించినా కారుతుంటే అత్తయ్య దానికి ఓ గుడ్డపేలిక కట్టేశారు. ఇక లాభం లేదని రాణిగంజ్ నుంచి ఇత్తడిది తెచ్చాం. గోడకు బిగించేది, హంసమెడలా వంగి అటూ ఇటూ తిరిగేది, 1,450 రూపాయలు. ప్లాస్టిక్‌వి ఇంకా చవగ్గా ఉన్నాయి కానీ, చేతిలోకి తీసుకుంటే బరువులోనే తేడా తెలిసిపోతుంది.

లోపల వాషర్ బదులు సిరామిక్ డిస్కులు. పావు చుట్టు తిప్పితే చాలు, నీళ్లు ధారగా వస్తాయి, అంతే వేగంగా ఆగుతాయి. చపాతీ పిండి కలుపుతూ మోచేత్తో కట్టేయొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చివర జాలీ చేత్తోనే ఊడుతుంది. బోరు నీళ్లకు ముందు మూసుకుపోయేది అదే కాబట్టి అప్పుడప్పుడూ వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దుతున్నాను.

ఇక బిగింపు. మొదట వచ్చిన ప్లంబర్ పాత ట్యాప్‌ను చూడగానే టైల్స్ పగలగొట్టాలన్నాడు. పంపించేశాం. తర్వాత వచ్చిన పెద్దాయన "తొందరపడితే గోడలో పైపు విరుగుద్దమ్మా" అని, వాల్వ్ కట్టి, తుప్పు వదలడానికి ఆయిల్ కొట్టి, తీరిగ్గా టీ తాగారు. ఆ తర్వాత గోడలోంచి బయటికొచ్చిన నిపుల్‌ను (ట్యాప్ బిగించే పొట్టి పైపు ముక్క) ఒక పైపు రెంచితో కదలకుండా పట్టి, ఇంకో రెంచితో ట్యాప్ విప్పారు. ఒక్క టైలూ చిట్లలేదు! కొత్తది పెట్టేముందు వాల్వ్ ఒక్కసారి తెరిచి నీళ్లు బకెట్లోకి వదిలారు. ఎర్రటి తుప్పు పలుకులు పడ్డాయి. అవి డిస్కుల మధ్య చేరితే కొత్త ట్యాప్ కూడా కారుతుందట. థ్రెడ్‌కు టెఫ్లాన్ టేప్ బిగించే వైపుకే చుట్టారు, రెంచి పట్టే చోట నికెల్ మెరుపు గీసుకుపోకుండా గుడ్డ వేశారు. కూలి 400 అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చాం.

నచ్చనివీ ఉన్నాయి. గోడకు ఆనించే రేకు బిళ్ల మరీ పల్చన, పాత రంధ్రం పూర్తిగా కప్పలేదు, వైట్ సిమెంట్ పెట్టించాం. మెడ ఎత్తు, మా సింక్ లోతు తక్కువ. పూర్తిగా తిప్పితే గట్టంతా తుంపర్లే. మీదీ అలాంటి సింకైతే పొట్టి మెడది అడగండి, అదే షాపులో ఉంది, వంద తక్కువ కూడా.