బొమ్మ కోసం విమానం ఎక్కేవారికి: ఏ పార్కు, ఏ బస, చేతికి మిగిలేదెంత

2021 డిసెంబరు 29న తెల్లవారుజామున మూడింటికే షాంఘై డిస్నీల్యాండ్ ముందు అయిదు వేల మందికి పైగా జనం. ఎముకలు కొరికే చలి. వాళ్లు వచ్చింది రైడ్ల కోసం కాదు, డఫీ అనే ఎలుగుబంటి, దాని నేస్తాల క్రిస్మస్ బొమ్మల కోసం. ఆ బృందంలో అప్పుడు అందరి కళ్లూ లీనాబెల్ అనే గులాబీ రంగు నక్కపిల్ల మీదే. అది జనం ముందుకొచ్చింది ఆ ఏడాది సెప్టెంబరు 29న. డఫీ ఎలుగుబంటేమో 2005 నుంచీ టోక్యో డిస్నీసీ పార్కులో ఉంది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అనేది బొమ్మల లోకంలోనూ నిజమే.

ఆ తర్వాత షాంఘై పార్కు గిరాకీ ఎక్కువున్న బొమ్మలకు ఆన్‌లైన్ లాటరీ పెట్టింది. మంచి పనే. కాబట్టి ఇప్పుడు విడుదల తేదీ తెలియగానే విమానం టికెట్ కొనకూడదు. ఆ బొమ్మకు డ్రా ఉందా, విదేశీ పాస్‌పోర్టుతో చేరనిస్తారా అనేది ముందు చూసుకోవాలి. పార్కు టికెట్ పాస్‌పోర్టు నంబరు మీదే ఇస్తారు, ఒక్క అంకె తప్పినా గేటు దగ్గర ఇబ్బంది. బసకు రిసార్ట్ హోటలే అక్కర్లేదు: మెట్రో 11వ లైను చివరి స్టేషను పార్కుదే, ఆ లైను మీద ఎక్కడ బస చేసినా సరిపోతుంది. టికెట్లయినా బొమ్మలయినా ఎగబడి కొని ఎక్కువకు అమ్మేవాళ్లను అక్కడ 'పసుపు ఎద్దులు' అంటారు. వాళ్ల దగ్గర కొన్న వస్తువు నకిలీ అని తేలితే అడగడానికి మనిషే దొరకడు.

బొమ్మల వేటకు అన్నిటికన్నా తీరైన చోటు టోక్యో. పార్కు లోపలికి వెళ్లిన రోజున, రిసార్ట్ యాప్‌లోనే చాలా వస్తువులు కొనుక్కోవచ్చు. దుకాణంలో బుట్ట పట్టుకుని తోసుకోనక్కర్లేదు, రైడ్ క్యూలో నిలబడి ఉండగానే కొనడం అయిపోతుంది. దీనికి మూడు షరతులున్నాయి. ఆ రోజు టికెట్ యాప్‌లో నమోదై ఉండాలి. ఒక్కో వస్తువుకు ఇన్నే అన్న పరిమితి ఉంటుంది. పార్సిల్ జపాన్ లోపలి చిరునామాకే వస్తుంది. చాలామంది దెబ్బతినేది ఈ మూడో దాని దగ్గరే: ప్రయాణం ఆఖరి రోజున పార్కుకు వెళ్లి ఆర్డరు పెడితే పార్సిల్ చేరేసరికి వాళ్లు విమానంలో ఉంటారు. పార్కును ప్రయాణం మొదట్లోనే పెట్టుకుని, అతిథి పేరు మీద పార్సిల్ తీసుకుంటారా అని హోటల్‌ను ముందే అడగాలి. బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ రోమింగ్‌లో పనిచేస్తోందో లేదో కూడా చూసుకోవాలి, లేకపోతే కార్డు పనిచేయక సరుకు చేజారుతుంది.

చేత్తో పట్టుకుని చూసి కొనాలనుకుంటే డిస్నీసీలో డఫీ సరుకుకు మెక్‌డక్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్, ఆ పార్కులోనే కేప్ కాడ్ అనే భాగంలో ఆంట్ పెగ్స్ విలేజ్ స్టోర్ ఉన్నాయి. కొత్త సరుకు దిగిన రోజుల్లో దుకాణంలో అడుగు పెట్టాలన్నా యాప్‌లో స్టాండ్‌బై పాస్, అంటే ఫలానా వేళకు రమ్మనే పాస్, తీసుకోవాల్సి రావచ్చు. గేటు దాటగానే మొదటి పని అదే. రైడ్ తర్వాత చూద్దాంలే అనుకుంటే పాసులు అయిపోతాయి.

మిరాకోస్టా, టోక్యో డిస్నీల్యాండ్ హోటల్ వంటి రిసార్ట్ హోటళ్లలో దిగితే గేటు మామూలు సమయం కన్నా 15 నిమిషాల ముందు తెరుస్తారు. బండి దగ్గరే అమ్మే పాప్‌కార్న్ బకెట్‌కి, అంటే బొమ్మ ఆకారంలో ఉండి జనం దాచుకునే ప్లాస్టిక్ డబ్బాకి, ఆ పావుగంట పనికొస్తుంది. ఫోన్‌లో దొరికే బొమ్మ కోసమైతే ఆ ఖర్చు దండగ. టోక్యో స్టేషను నుంచి కేయో లైనులో మైహామాకు పావుగంటే కదా, ఆ లైను పక్కన మామూలు హోటల్ చాలు.

అమెరికా సంగతి వేరు. ఇక్కడ క్యూ అంటే క్యూనే. 2022 జనవరిలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో జరిగిన కళల పండుగలో ఫిగ్మెంట్ అనే డ్రాగన్ ఆకారంలో బకెట్ పెట్టారు, 25 డాలర్లు. జనం గంటల తరబడి నిలబడ్డారు, అదే రోజు ఈబేలో దానికి ఎన్నో రెట్లు అడిగారు. ఇక్కడ బకెట్టే అసలు, పాప్‌కార్న్ కొసరు. ఎలాగూ కొంటున్నారు కనుక పాప్‌కార్న్‌ను విడిగా సంచిలో ఇవ్వమని అడగండి. వెన్న జిడ్డు ప్లాస్టిక్ సందుల్లోకి దిగితే వాసన పోదు, దాచుకునేవాడు ఆ బకెట్ వంక చూడడు.

అమ్మితే ఏం మిగులుతుందో ఒక లెక్క వేద్దాం. 25 డాలర్ల బకెట్, 6.5 శాతం పన్నుతో 26.63. అది 80 డాలర్లకు పోయిందనుకుందాం. ఈబే రుసుము 13 శాతానికి పైనే. పైగా దాన్ని కొనుగోలుదారు కట్టే పన్ను, పోస్టేజీ కలిపిన మొత్తం మీద లెక్కగడతారు. అంటే దాదాపు 12 డాలర్లు. అట్టపెట్టె, బబుల్ షీటు, పోస్టేజీ మీ మీదే వేసుకుంటే మరో 13. మిగిలింది 28 చిల్లర. పార్కింగు ఒక్కటే 30కి తక్కువ కాదు, ప్రవేశ టికెట్ మాట ఎత్తనే లేదు. మరి ఎవరికి గిట్టుతుంది? పార్కింగు ఉచితంగా దొరికే వార్షిక పాసు ఉండి, పక్క ఊళ్లోనే ఉండేవాళ్లకు. వాళ్లకూ చిక్కే: పాసును వ్యాపారానికి వాడకూడదని షరతుల్లోనే ఉంది, పట్టుబడితే పాసే పోవచ్చు. దూరం నుంచి వచ్చినవాళ్లు అమ్మకం లాభంతో ప్రయాణ ఖర్చు రాబట్టడం కుదిరే పని కాదు.

ఎప్‌కాట్‌కు బస కావాలంటే బీచ్ క్లబ్, యాట్ క్లబ్, బోర్డ్‌వాక్ హోటళ్ల నుంచి నడిచి వెనక గేటుకు చేరొచ్చు. ధర మాత్రం గుండె గుభేలుమనేలా ఉంటుంది. మా ఓటు పాప్ సెంచురీ హోటల్‌కి. స్కైలైనర్ కేబుల్ కారులో కరీబియన్ బీచ్ దగ్గర మారితే అదే గేటు. రిసార్ట్ అతిథులందరికీ ఉన్న అరగంట ముందు ప్రవేశం దీనికీ వర్తిస్తుంది. లోటు ఒక్కటే, మెరుపులు మెరిస్తే కేబుల్ కారు ఆపేస్తారు. ఇంకో మాట: ఆ గేటు ఎప్‌కాట్‌లో ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల పేరిట కట్టిన పెవిలియన్ల మధ్య తెరుచుకుంటుంది. బకెట్ అమ్మే కౌంటరు పార్కు ముందు గేటు వైపు ఉంటే మీ అరగంటలో సగం నడకకే పోతుంది.

కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌కైతే హార్బర్ బూలివార్డ్ మీది మామూలు మోటళ్ల నుంచే పది నిమిషాల నడక. రిసార్ట్ హోటల్‌కు పెట్టే డబ్బు పిన్నులకు, అంటే చొక్కాకో సంచికో గుచ్చుకునే బొమ్మల బిళ్లలకు, పెట్టుకోవచ్చు. టికెట్ లేకుండా కొనాలంటే డౌన్‌టౌన్ డిస్నీలో వరల్డ్ ఆఫ్ డిస్నీ ఉంది.

పిన్నులు మార్చుకునే ఆట 1999లో ఫ్లోరిడాలో మొదలైంది. ఒక్కో పార్కు ఉద్యోగి దగ్గర రోజుకు రెండే మార్చుకోవచ్చు, ఒకసారికి ఒకటే, వెనక బిరడాతో సహా ఇవ్వాలి. టోక్యోలో ఈ ఆట లేదు. లిమిటెడ్ ఎడిషన్ అయితే మొత్తం ఎన్ని చేశారో వెనకే అచ్చువేసి ఉంటుంది. గంపగుత్తగా యాభై, వంద పిన్నులు చవగ్గా అమ్ముతున్నారంటే అవి చాలావరకు 'స్క్రాపర్లు', అంటే నకిలీలు. గోరు పెట్టి అంచు వెంట తిప్పితే గరుకు తెలుస్తుంది. రంగు గుంటలు పడి, గీత దాటి ఉంటుంది. వెనక మిక్కీ తలల అచ్చు ఉన్న రకాల్లో, అసలు పిన్నుకు ఆ అచ్చు అంచు దాకా సాగుతుంది, నకిలీల్లో చుట్టూ ఖాళీ గట్టు కనబడుతుంది. ఒక్క గుర్తు చూసి తేల్చకండి, రెండు మూడు కలిస్తేనే నమ్మండి.

తిరుగు ప్రయాణంలో పిన్నుల రబ్బరు బిరడాలు ఊడిపోతాయి, స్క్రూతో బిగించే లాకింగ్ బ్యాకులు వేయాలి. మెత్తటి బొమ్మను వాక్యూమ్ సంచిలో కుదిస్తే బొచ్చు మడత పడి మళ్లీ లేవదు. బకెట్ లోపల సాక్సులు కుక్కి, రెక్కలు, చెవులు వంటి పొడుచుకొచ్చిన భాగాలకు చుట్టూ టవల్ చుట్టి చేతి సంచిలోనే పెట్టుకోండి. బకెట్‌కు మెడ బెల్టు తగిలించే రెండు కొక్కేలే ముందుగా విరిగేవి, అందుకని బెల్టు విప్పి విడిగా పెట్టండి. ధర ట్యాగును మాత్రం కత్తిరించకండి.