స్కూటరుపై పసిపిల్లలకు కట్టే రక్షణ బెల్టు: చాలాకాలం వాడిన తర్వాత

విజయవాడలో చిన్నపిల్లలున్న ఇళ్లలో సాయంత్రపు షికారు చాలావరకు స్కూటరు మీదే సాగుతుంది. బ్యారేజీ మీద గాలికి వెళ్లాలన్నా, రాజీవ్ గాంధీ పార్కులో ఊయల ఊగించాలన్నా, బీసెంట్ రోడ్డులో గాజులు కొనిపెట్టాలన్నా, కారు తీస్తే దాన్ని నిలిపే చోటు వెతుక్కోవడానికే సగం సాయంత్రం గడిచిపోతుంది. మావారికి ఆదివారాలు కూడా డ్యూటీ ఉండడం వల్ల పాపను తిప్పుకొచ్చే పని ఎక్కువగా నాదే. పాపకు ఏడాదిన్నర వయసప్పుడు, బండి నడిపేవారికి బిడ్డను కలిపి కట్టే రక్షణ బెల్టు కొన్నాము. ఇప్పుడు పాపకు నాలుగేళ్లు నిండాయి, మధ్యలో ఒకసారి బెల్టు మార్చినా వాడకం ఇంకా సాగుతూనే ఉంది.

ఇది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేసిన వస్తువు కాదన్న సంగతి చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ద్విచక్ర వాహనంపై తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకువెళ్లేటప్పుడు రక్షణ బెల్టు, హెల్మెట్ తప్పనిసరి అనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటరాదనీ నిర్దేశించింది. ఏడాది గడువు తర్వాత, అంటే 2023 ఫిబ్రవరి నుంచి, ఇది అమలులోకి వచ్చింది. బెల్టు 30 కిలోల బరువును ఆపగలిగేలా ఉండాలనీ, బరువైన నైలాన్‌తోనూ దట్టమైన ఫోమ్‌తోనూ తయారు కావాలనీ అందులోనే ఉంది. ఇంత స్పష్టంగా చెప్పినా మన వీధుల్లో పిల్లలు ఇప్పటికీ హ్యాండిల్ పట్టుకుని ముందు నిలబడే కనిపిస్తారు. ఆ చోట నిలబడిన పిల్ల సరదాకు యాక్సిలరేటర్ తిప్పవచ్చు, గట్టిగా బ్రేకు వేస్తే మొహం నేరుగా హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. దీన్ని చూసినప్పుడల్లా నాకు ప్రాణం విలవిల్లాడుతుంది.

బెల్టు కట్టే పద్ధతి చెప్పుకోదగినంత తేలిక. ముందుగా బిడ్డకు చేతుల్లేని చొక్కా వంటి భాగాన్ని తొడిగి ఛాతీ మీద క్లిప్పు పెట్టాలి. దానికి కుట్టిన రెండు పట్టీలను బండి నడిపేవారు బడిసంచి తగిలించుకున్నట్టు భుజాలకు వేసుకుని బిగించుకోవాలి. కష్టమంతా ఒంటరిగా బండి ఎక్కేటప్పుడే. మొదట పాపను సీటు మీద కూర్చోబెట్టి తర్వాత నేను ఎక్కుదామంటే ఆ నాలుగైదు క్షణాలు పట్టుకునేవారు ఉండరు. అందువల్ల బండిని అరుగు పక్కకు ఆనించి, నేను ముందు కూర్చుని, అరుగు మీద నిలబడిన పాపను వెనక్కి ఎక్కించుకుని అప్పుడు పట్టీలు వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. పార్కుల దగ్గరా గుళ్ల దగ్గరా కూడా ఎత్తైన గట్టు ఉన్నచోటే బండి ఆపుతాను. చున్నీని పట్టీల కింద నొక్కి పెట్టుకుంటే అది చక్రంలో పడుతుందన్న భయం కూడా తీరుతుంది. పాప కాళ్లకు వెనక పట్టీ ఉన్న చెప్పులే వేయాలి. మామూలు చెప్పులు దారిలోనే జారిపోతాయి, ఉత్త పాదం సైలెన్సర్‌కు తగిలే ప్రమాదం ఉంటుంది.

మా అత్తగారు మొదట్లో దీనికి ఒప్పుకోలేదు. "బండి పడితే బిడ్డ కూడా నీతో పాటే పడుతుంది గదమ్మా, విడిగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారేమో" అన్నారు. ఆమె సందేహాన్ని తోసిపుచ్చడానికి లేదు. ఈ బెల్టు కారులోని పిల్లల సీటు ఇచ్చే రక్షణ ఇవ్వదు, ఢీకొన్న దెబ్బను ఆపదు. అయితే పసిపిల్లలు బండి మీద నుంచి పడడానికి ఢీకొనడమే కారణం కానక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఎగిరిపడడం, మలుపులో ఒరిగిపోవడం, అన్నిటికన్నా ముఖ్యంగా నిద్ర కూడా కారణమే. పార్కులో రెండు గంటలు పరిగెత్తిన పిల్ల తిరుగు ప్రయాణంలో బీఆర్‌టీఎస్ రోడ్డు చేరకముందే తూలిపోతుంది. నడుము చుట్టూ ఉన్న చిన్న చేతులు ఒక్కసారిగా వదులవుతాయి, హెల్మెట్ నా వీపుకు ఠంగున తగులుతుంది. బెల్టు లేనప్పుడు అక్కడే బండి ఆపి, పాపను లేపి, కబుర్లు చెబుతూ ఇల్లు చేరాల్సి వచ్చేది. ఇప్పుడు ఒళ్లు పక్కకు జారదు. తల మాత్రం వాలుతుంది కనుక నిద్ర పట్టిందని తెలియగానే వేగాన్ని ఇరవై, పాతికకు తగ్గిస్తాను. షికారుకు వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడే ఈ బెల్టు విలువ తెలుస్తుంది, నేను దీన్ని మెచ్చుకునేది కూడా అందుకే.

లోపాలు కూడా చెప్పాలి. మొదట తక్కువ ధరకు దొరికిన బెల్టు తీసుకున్నాము. ఒక్క వేసవికే దాని ప్లాస్టిక్ క్లిప్పు ఎండకు పెళుసెక్కి నెర్రె విచ్చింది. తర్వాత కొన్నది మందమైన క్లిప్పులది, ఇప్పటికీ గట్టిగానే ఉంది. కానీ దాని పట్టీలు నున్నగా ఉండడం వల్ల కొంత దూరం పోయేసరికి కొద్దికొద్దిగా వదులవుతాయి. మిగిలిన పట్టీ కొసను వెనక్కి మడిచి మళ్లీ క్లిప్పులో దూర్చితే ఆగుతుంది. పాప ఛాతీకీ బెల్టుకూ మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరేంత బిగువు సరిపోతుందని నా అనుభవం.

ఎండ సంగతి వేరు. మే నెలలో మన ఊళ్లో నలభై డిగ్రీలు దాటినప్పుడు, ఆ ఫోమ్ చొక్కా లోపల బిడ్డ ఒళ్లు తడిసి ముద్దవుతుంది, మెడ కిందా చంకల్లోనూ చెమటకాయలు లేస్తాయి. లోపల పల్చని నూలు బనియను వేయడం, సూర్యుడు వాలిన తర్వాతే బయలుదేరడం తప్ప దీనికి వేరే మందు లేదు. బండి మీద ఎండలో వదిలేసిన బెల్టు క్లిప్పు చర్మానికి చురుక్కుమంటుంది, కాబట్టి డిక్కీలో పెట్టాలి. వానలో తడిస్తే ఫోమ్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది, సరిగా ఆరకపోతే ముక్క వాసన వేస్తుంది. సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరవేస్తేనే పట్టీల పట్టు పోకుండా ఉంటుంది.

ఈ బెల్టుతో ఎక్కడికి వెళ్లవచ్చునన్నది కూడా ఆలోచించవలసిందే. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం రద్దీకి బండ్లు ఎలాగూ నెమ్మదిగానే కదులుతాయి కాబట్టి నిశ్చింతగా వెళ్లవచ్చు. డెబ్బై గేట్లూ దాటేలోపు పాప నీళ్లను చూస్తూ కేరింతలు కొడుతుంది. అవతలి ఒడ్డున సీతానగరం మీదుగా ఉండవల్లి గుహల దాకా వెళ్లడం మాకు అన్నిటికన్నా ఇష్టమైన షికారు. అక్కడ పదిహేనేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదు, ముందున్న పచ్చికలో ఆడుకోవచ్చు, పైఅంతస్తులో పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూపిస్తే పాప గుసగుసగా "తాతయ్య నిద్రపోతున్నాడు" అంటుంది. భవానీ ద్వీపానికి వెళ్లేటప్పుడు పున్నమి ఘాట్ దగ్గర బండి వదలాలి. బెల్టు మడిచి సంచిలో పెట్టుకోవచ్చు గానీ రెండు హెల్మెట్లు మోసుకుంటూ పడవ ఎక్కడం చికాకే. గుంటూరు పుట్టింటికి మాత్రం బస్సే. లారీలు దూసుకుపోయే జాతీయ రహదారి మీద నలభైకి మించకుండా వెళ్లడమే ఒక ప్రమాదం, అక్కడ ఏ బెల్టూ ధైర్యం ఇవ్వదు.

హెల్మెట్ విషయంలో నిబంధన సైకిల్ హెల్మెట్‌ను కూడా, ప్రమాణాలకు లోబడి ఉంటే, ఒప్పుకుంటుంది. పసిమెడకు అదే నయం, బరువు తక్కువ. నాలుగేళ్లు దాటాక పెద్దల మాదిరిగానే ప్రమాణమున్న మోటారు హెల్మెట్ పెట్టాలి కనుక ఇటీవల అది కొన్నాము. బెల్టు నాలుగేళ్ల తర్వాత తప్పనిసరి కాకపోయినా, పాప బరువు 30 కిలోలకు చాలా దూరంలో ఉంది, నిద్ర ఇంకా దారిలోనే వస్తోంది, కాబట్టి చీకటి పడ్డాక తిరిగొచ్చే ప్రయాణాలకు కడుతూనే ఉన్నాను. మా చెల్లెలు తన బాబు కోసం దీన్ని అడిగింది గానీ ఇవ్వలేదు. భుజం పట్టీలు చొక్కాతో కలిసేచోట కుట్టు కొద్దిగా పోగులు లేచింది, బరువంతా పడేది ఆ చోటే. కొత్తది కొనేవారు కూడా రంగులూ బొమ్మలూ చూడకుండా అక్కడ అడ్డంగా నిలువుగా రెండు వరసల కుట్టు ఉందో లేదో చేత్తో గట్టిగా లాగి చూసుకుని తీసుకోవాలి.