సంతకాల సాయంత్రాలు, కొత్త క్రైమ్ నవలలు: న్యూయార్క్ మిస్టీరియస్ బుక్‌షాప్

డిటెక్టివ్ నవలలంటే పడిచచ్చే తెలుగువాళ్లు న్యూజెర్సీలో, న్యూయార్క్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమందికి మన్‌హాటన్‌లో వాటికోసమే ఒక షాపుందన్న సంగతే తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. వారెన్ స్ట్రీట్, 58వ నంబరు, మిస్టీరియస్ బుక్‌షాప్. హత్యలు, దొంగతనాలు, గూఢచారులు, పోలీసు దర్యాప్తులు, లాయర్ల కథలు... ఈ కోవలోవి తప్ప వేరే పుస్తకాలు అక్కడ దొరకవు. గోడల నిండా సీలింగు దాకా అల్మారాలు, పై అరల్లోవి అందుకోవడానికి నిచ్చెన. షెర్లాక్ హోమ్స్‌కి ప్రత్యేకంగా కొంత చోటు. కొన్నేళ్లుగా కొత్త క్రైమ్ నవలలు నేను ఎక్కువగా ఇక్కడే కొంటున్నాను. రచయితలు వచ్చి సంతకాలు చేసే సాయంత్రాలకు వీలున్నప్పుడల్లా వెళ్తున్నాను. మొదట్లో పెద్ద పేర్ల కోసమే వెళ్లేవాణ్ణి. ఇప్పుడు రాబోయే కార్యక్రమాల జాబితా రాగానే ముందు చూసేది తొలి నవలతో వస్తున్నది ఎవరా అని. నా చదువు ఇలా మళ్లడానికి కారణం ఈ షాపే.

షాపు పెట్టినాయన ఆటో పెంజ్లర్. 1975లో మిస్టీరియస్ ప్రెస్ పేరుతో ప్రచురణ మొదలుపెట్టి, 1979 ఏప్రిల్ 13న షాపు తెరిచారు. అది శుక్రవారం. పదమూడో తేదీ శుక్రవారం పడితే అమెరికాలో చాలామంది అపశకునం అనుకుంటారు. మొదట కార్నెగీ హాల్ వెనక 56వ వీధిలో ఉండేది, 2005లో దక్షిణ మన్‌హాటన్‌లోని ట్రైబెకా పేటకి, అంటే ఇప్పటి చోటికి వచ్చింది. న్యూయార్క్‌లో ఈ తరహా షాపులు ఇంకా ఉండేవి. 1972లో మొదలైన మర్డర్ ఇంక్ 2006 ఆఖరులో మూతపడింది. గ్రీనిచ్ విలేజ్‌లోని పార్ట్‌నర్స్ అండ్ క్రైమ్ 2012లో పోయింది. లండన్‌లో ఎంతో పేరున్న మర్డర్ వన్ కూడా 2009లో తలుపులు వేసుకుంది. ఇది మాత్రం నిలబడింది, అదీ తేలిగ్గా ఏం కాదు. ఒక దశలో డబ్బుకి బాగా కటకట వచ్చింది. అప్పుడు పెంజ్లర్ తనకు తెలిసిన నవలాకారులను ఒక సాయం అడిగారు: మీ డిటెక్టివ్ పాత్ర ఎలా పుట్టిందో ఒక వ్యాసం రాసివ్వండి అని. వాటిని చిన్న పుస్తకాలుగా వేసి షాపులో కొన్నవాళ్లకు ఇచ్చారు. ఆ వ్యాసాలన్నీ కలిపి వేసిన సంకలనానికి 2010లో, మిస్టరీ రచనలకు ఇచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చింది. రాసేవాళ్లంతా తమ సొంత షాపులా చూసుకున్నారు కాబట్టే అది బతికింది. సంతకాల సాయంత్రాల్లో ఆ చనువు ఇప్పటికీ కనిపిస్తుంది.

వెళ్లడం సులువే. జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్‌లో పాత్ (PATH) రైలు, న్యూజెర్సీకీ మన్‌హాటన్‌కీ మధ్య నడిచేది, ఎక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో దిగాలి. చర్చ్ స్ట్రీట్ మీద ఉత్తరం వైపు నడిస్తే వీసీ, బార్క్‌లే, పార్క్ ప్లేస్, మర్రీ, ఆ తర్వాత వచ్చేదే వారెన్. అక్కడ ఎడమకు తిరగాలి. ఎడిసన్ వైపు నుంచి వచ్చేవాళ్లు న్యూవార్క్‌లో పాత్‌కి మారితే సరిపోతుంది. ఆఫీసు అయ్యాక బయల్దేరినా కార్యక్రమానికి అందుకోవచ్చు. కారులో మాత్రం రావద్దు, పార్కింగ్ డబ్బులతో ఇంకో హార్డ్‌బౌండ్ వస్తుంది.

రాబోయే కార్యక్రమాల జాబితాను ఎలా చూడాలో చెప్తాను. అమెరికాలో కొత్త పుస్తకాలు సాధారణంగా మంగళవారం విడుదలవుతాయి. సంతకాల తేదీలు కూడా ఆ వారంలోనే, కాస్త అటూ ఇటూగా పడతాయి. జాబితాలో రచయిత ఒక్కరి పేరే ఉంటే అది మామూలు కార్యక్రమం. పక్కన ఇంకో రచయిత పేరు ఉంటే, 'ఫలానావారితో సంభాషణ' అని రాసి ఉంటే, నేను దానికే ఓటు వేస్తాను. ఒక రచయిత ఇంకో రచయితను అడిగే ప్రశ్నల్లో పనికి సంబంధించిన విషయం ఉంటుంది. అనుమానం ఎవరి మీదకు మళ్లించావు, ఆ సాక్షిని అంత ఆలస్యంగా ఎందుకు తెచ్చావు, పోలీసుల పని తీరు ఎవరిని అడిగి తెలుసుకున్నావు... ఇలాంటివి. ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో ఇంకా కళగా ఉంటుంది. మిస్టరీ రైటర్స్ ఆఫ్ అమెరికా 1946 నుంచి ఇస్తున్న ఎడ్గర్ అవార్డుల సభ ఆ రోజుల్లో న్యూయార్క్‌లోనే జరుగుతుంది, దేశం నలుమూలల నుంచీ రచయితలు ఊళ్లోకి దిగుతారు. అవార్డు తుది జాబితా జనవరిలో, అవార్డుకు ఎవరి పేరు పెట్టారో ఆ రచయిత ఎడ్గర్ ఎలన్ పో పుట్టినరోజైన 19వ తేదీకి అటూ ఇటూగా వస్తుంది. అందులో 'తొలి నవల' విభాగాన్ని నేను ప్రతి ఏడాదీ రాసి పెట్టుకుంటాను.

సాయంత్రం ఎలా ఉంటుందంటే, మధ్యలోని బల్లలు సర్ది కుర్చీలు వేస్తారు. ఆలస్యంగా వస్తే అల్మారాలకు ఆనుకుని నిలబడటమే. రచయిత కాసేపు మాట్లాడతారు, కొందరు ఒకటి రెండు పేజీలు చదువుతారు, తర్వాత ప్రశ్నలు. ఒక నియమం ఎవరూ చెప్పకపోయినా అందరూ పాటిస్తారు: హంతకుడు ఎవరో, మలుపు ఎక్కడుందో తెలిసిపోయే ప్రశ్న వెయ్యరు. ఒకసారి తొలి నవల రాసిన ఒకావిడ వచ్చారు. సగం పుస్తకం రాసేదాకా హంతకుడు ఎవరో తనకే తెలియదట. తేల్చుకున్నాక వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయంలో వంటింటి గోడకు ఒక తాళంచెవి తగిలించి వచ్చానని చెప్పారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. తిరుగు రైల్లోనే మొదటి అధ్యాయం తెరిచాను. తాళంచెవి ఉంది, ఒక్క వాక్యంలో, పాల సీసా గురించిన మాటల మధ్య. ఆవిడ చెప్పకపోతే కచ్చితంగా దాటేసి పోయేవాణ్ణి. ఆ నవల చివరి అధ్యాయానికి వచ్చేసరికి నాకు కలిగిన ఆనందం వేరే ఏ చదువులోనూ దొరకలేదు. రచయిత నోటి నుంచి పని రహస్యం ఒకటి విని, వెంటనే పుస్తకంలో దాన్ని కళ్లారా చూసుకోవడం మామూలు సంగతి కాదు.

పెద్ద పేరున్న రచయితల సంతకాలకు వేరే చోట్లకీ వెళ్లాను. ఒక పెద్ద చెయిన్ షాపులో చేతికి బ్యాండు కట్టి గంటన్నర క్యూలో నిలబెట్టారు. బల్ల దగ్గరికి చేరాక రచయిత తల ఎత్తేలోపే పుస్తకం నా చేతిలో పెట్టేశారు. ఫొటోలు వద్దు, మాటలు వద్దు. ఆయన తప్పేం లేదు, అంత జనంలో ఎవరు మాత్రం మాట్లాడగలరు? కానీ చదివేవాడికీ రాసేవాడికీ మధ్య ఏమీ జరగలేదు. వారెన్ స్ట్రీట్‌లో కొత్త రచయిత ముందు పాతికమంది ఉంటే, ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడతారు. స్టిక్కీ చీటీ మీద మన పేరు స్పష్టంగా ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, టైటిల్ పేజీకి అంటించి ఇవ్వండి. తెలుగు పేర్ల స్పెల్లింగు విని రాయడం వాళ్లకు కష్టం, పెన్నుతో రాసింది చెరపడం కుదరదు.

పేరు రాయించుకోవాలా, ఒట్టి సంతకం చాలా అన్నది అందరూ అడిగే ప్రశ్నే. ఎప్పటికైనా అమ్ముదామనుకుంటే టైటిల్ పేజీ మీద ఒట్టి సంతకం మంచిది, సేకరించేవాళ్లు ఎక్కువగా కోరేది అదే. మన ఇంట్లో ఉండేదైతే పేరు, తేదీ రాయించుకోండి. నేను రాయించుకుంటాను. సంతకంతో పాటు తొలి ముద్రణ అవునో కాదో కూడా చూసుకోవాలి. కాపీరైట్ పేజీ అడుగున 10 నుంచి 1 దాకా అంకెల వరస ఉంటుంది. అందులో 1 ఉంటే మొదటి ముద్రణ. మళ్లీ ముద్రించినప్పుడల్లా చిన్న అంకె ఒకటి తీసేస్తారు. ర్యాండమ్ హౌస్ పాత పుస్తకాల్లో మాత్రం పద్ధతి వేరు, 'ఫస్ట్ ఎడిషన్' అన్న మాట ఉండి అంకెలు 2 దగ్గర ఆగితే అదే మొదటి ముద్రణ. ఇది తెలియక మంచి ప్రతులను వదిలేసుకున్నవాళ్లు నాకు తెలుసు. అట్ట మీది కాగితపు జాకెట్టును జాగ్రత్తగా ఉంచండి, లోపలి మడతలో ధర ఉన్న మూలను కత్తిరించకండి. పాత తొలి ముద్రణల విలువలో పెద్ద వాటా ఆ జాకెట్టుదే. పారదర్శకమైన మైలార్ (పల్చటి ప్లాస్టిక్) తొడుగు వేస్తే చాలు.

కార్యక్రమానికి రాలేనివాళ్లు ముందుగా ఆర్డరు పెట్టుకుంటే సంతకం చేయించి పోస్టులో పంపిస్తారు. అంతకుముందు నేను ఒక పెద్ద ఆన్‌లైన్ షాపులో హార్డ్‌బౌండ్లు తెప్పించుకునేవాణ్ణి. పల్చటి కవరులో మూలలు నలిగి వచ్చేవి, తిప్పి పంపితే రెండోదీ అలాగే వచ్చేది. చదివి పక్కన పెట్టేదానికి ఫర్వాలేదు. దాచుకునేదానికి అది కుదరదు.

ఇక కొత్త నవలల సంగతి. ఈ షాపులో పనిచేసేవాళ్లు చదువుతారు, విపరీతంగా చదువుతారు. 'ఈమధ్య వచ్చినవాటిలో పల్లెటూరు నేపథ్యం, తక్కువ రక్తపాతం, పోలీసు కాని పరిశోధకుడు' అని అడిగి చూడండి. ఎదురు ప్రశ్న ఒకటో రెండో వేసి, అల్మారా దగ్గరికి వెళ్లి మూడు పుస్తకాలు చేతిలో పెడతారు. మీకు నచ్చదనిపిస్తే అదీ మొహం మీదే చెప్తారు. ఒక బెస్ట్‌సెల్లర్ పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్తే, మీరు అడిగే తరహాకి ఇది పనికిరాదు అని వెనక్కి పెట్టించి, దాని సగం ధరకు పేపర్‌బ్యాక్ చేతిలో పెట్టారు. అలా పరిచయమైన రచయితవి తర్వాత అన్నీ చదివాను. ఏ స్క్రీన్ మీది సిఫార్సూ నాకు ఇంత పని చేసి పెట్టలేదు.

డబ్బు దగ్గర మాత్రం దాపరికం లేకుండా చెప్పాలి. కొత్త హార్డ్‌బౌండ్ కవరు ధర 30 డాలర్ల దగ్గర ఉంటుంది. ఆన్‌లైన్‌లో అదే పుస్తకం తక్కువకు దొరుకుతుంది. నెలకు నాలుగైదు చదివేవాళ్లు అన్నీ ఇలా కొంటూ పోతే బడ్జెట్ తలకిందులవుతుంది. నేను మొదటిసారి చదివే రచయితను లైబ్రరీలో తెచ్చుకుంటాను, లేదంటే ఏడాది ఆగి పేపర్‌బ్యాక్ తీసుకుంటాను. సంతకానికి వెళ్లినప్పుడు మాత్రం పుస్తకం అక్కడే కొంటాను. ఆ కుర్చీలు, ఆ సాయంత్రం, ఆ రచయిత రాక, అన్నీ ఆ కొనుగోళ్ల మీదే నడుస్తాయి. ఊరికే వచ్చి కబుర్లు విని, బయటికి వెళ్లి ఫోన్‌లో చవకగా ఆర్డరు పెట్టడం అన్యాయం.

నెలకొక సంతకం చేసిన తొలి ముద్రణ పంపే క్లబ్బులు కూడా ఉన్నాయి, ఒక్కొక్కటి ఒక్కో తరహాకి. దూరంలో ఉన్నవాళ్లకు అవి మంచివి. షరతులు మాత్రం చేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి. పాత సాహిత్యం ఇష్టపడేవాళ్లు పెంజ్లర్ 2018లో మొదలుపెట్టిన 'అమెరికన్ మిస్టరీ క్లాసిక్స్' వరసను చూడాలి. ఏళ్ల తరబడి అచ్చులో లేని అమెరికన్ డిటెక్టివ్ నవలలను మళ్లీ తెస్తున్నారు. ఒకప్పుడు బెజవాడలో అచ్చయిన పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు, అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారి చిరిగిపోయినవి, ఇలా శుభ్రంగా మళ్లీ అచ్చయి ఒక వరసలో కనిపిస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది. యుగంధర్, షాడో పేర్లు వింటే ఇప్పటికీ కళ్లు మెరిసే పాఠకులు మనకు బోలెడంతమంది ఉన్నారు. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పుస్తకాల పండగ జరిగినప్పుడు క్రైమ్ నవలలకు ఒక్క స్టాలు, దాని ముందు కొత్త రచయితతో ఒక్క సాయంత్రం పెట్టినా జనం వస్తారని నా గట్టి నమ్మకం.

న్యూయార్క్‌కి దూరంగా ఉన్న మనవాళ్లు నిరాశపడక్కర్లేదు. హ్యూస్టన్‌లో బిస్సొనెట్ స్ట్రీట్ మీద మర్డర్ బై ద బుక్ 1980 నుంచి ఉంది. అరిజోనాలో చాండ్లర్, ఫీనిక్స్ వైపు ఉండేవాళ్లకు స్కాట్స్‌డేల్‌లో పాయిజన్డ్ పెన్ దగ్గర, అది 1989లో మొదలైంది. రెండింటికీ సంతకాల కార్యక్రమాలే ప్రాణం.

వారెన్ స్ట్రీట్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లు వీలైతే డిసెంబరులో వెళ్లండి. 1993 నుంచి పెంజ్లర్ ఏటా ఒక రచయితను పిలిచి క్రిస్మస్ కథ రాయిస్తున్నారు. మూడే షరతులు: కథ క్రిస్మస్ రోజుల్లో జరగాలి, అందులో ఒక మిస్టరీ ఉండాలి, కనీసం ఒక సన్నివేశమైనా ఈ షాపులోనే జరగాలి. దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేసి షాపులో కొనేవాళ్లకు కానుకగా ఇస్తారు. బిల్లు కట్టేటప్పుడు కౌంటరు దగ్గర ఆ ఏడాది కథ వచ్చిందా అని అడగండి.