ఎంజీఏకి రెడీమేడ్ ఫ్లోర్‌బోర్డులు కొంటున్నారా? పెయింట్ వేసినవి మాత్రం తీసుకోకండి

యూకేలో పాత ఎంజీఏ (MGA) స్పోర్ట్స్ కారు ఉన్న మనవాళ్ళు, కొనాలని చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. "మెరైన్ ప్లైవుడ్ ఫ్లోర్‌బోర్డులు, నల్ల పెయింట్ వేసి, బెజ్జాలు కొట్టి సిద్ధంగా" అంటూ ఆన్‌లైన్‌లో సెట్లు అమ్ముతున్నారు. అలాంటి సెట్టే ఒకటి కొని సమయం పోగొట్టుకున్నాను, డబ్బు వెనక్కి రాబట్టుకోడానికి తిప్పలు పడ్డాను. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇలా అమ్మేది వాళ్ళొక్కరే కాదు కాబట్టి పేరు కన్నా పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం.

ఈ కారు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎంజీఏని ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్‌లో 1955 నుంచి 1962 వరకు తయారు చేశారు. ఛాసిస్ (అడుగు చట్రం) ఉక్కుదే కానీ, కాళ్ళ కింద నేల మాత్రం సుమారు అర అంగుళం మందం ప్లైవుడ్. దాని తర్వాత వచ్చిన ఎంజీబీకి నేల కూడా ఉక్కే, కాబట్టి ఆ కారు ఉన్నవాళ్ళకి ఈ గొడవ లేదు. ఎంజీఏలో సీటు పట్టాలు కూడా ఈ చెక్క మీదే బిగుస్తాయి. అంటే చెక్క పాడైతే పోయేది కార్పెట్ అందం కాదు, సీటు పట్టు. పైగా రోడ్‌స్టర్ (పైకప్పు తీసేయగలిగే రకం) తలుపులకి దించే అద్దాలు ఉండవు, తగిలించుకునే సైడ్ స్క్రీన్లే. ఇంగ్లండ్ వానకి నీళ్ళు లోపలికి వస్తూనే ఉంటాయి, కార్పెట్ కింద చేరి అక్కడే నిలుస్తాయి.

సెట్ వచ్చినప్పుడు చూడటానికి చాలా బాగుంది. పెయింట్ నున్నగా, అంచులు శుభ్రంగా ఉన్నాయి. వానాకాలం మొదలయ్యాక డ్రైవర్ వైపు కార్పెట్ ఎత్తి చూస్తే సీటు బోల్టుల చుట్టూ చెక్క ఉబ్బి ఉంది. అంచులైతే తాపేశ్వరం మడత కాజాలా పొరపొరలుగా విచ్చుకున్నాయి. బోర్డు ఊడదీసి ఒక మూల కోసి చూశాను. మధ్య పొరల్లో వేలిగోరు దూరేంత సందులు కనిపించాయి. వాటి మీద పుట్టీ నింపి, ఇసుక కాగితం పట్టి, నల్ల రంగు కొట్టేశారు. బోల్టు బెజ్జాల లోపల మాత్రం చుక్క రంగు కూడా లేదు, పచ్చి చెక్కే. నీళ్ళు ముందుగా దిగేది అక్కడే! ఏ కార్పెంటర్‌ని అడిగినా ఇది చెప్తాడు.

"మెరైన్" అనే మాట ఎవరైనా రాసేయొచ్చు. ఇక్కడ మెరైన్ ప్లైకి ఉన్న ప్రమాణం బీఎస్ 1088. మనకి ఇళ్ళ దగ్గర కిచెన్ కబోర్డుల వల్ల తెలిసిన ఐఎస్ 710 లాంటిదే ఇదీ. అసలైన మెరైన్ ప్లైలో జిగురు మరిగే నీళ్ళకి కూడా వదలకూడదు, లోపలి పొరల్లో సందులు ఉండకూడదు. ఐఎస్ 710కి అయితే 72 గంటలు ఉడికించే పరీక్ష ఉంది. ఇంట్లో అంత అక్కర్లేదు. ఒక తుంట ముక్కని పాత గిన్నెలో కొన్ని గంటలు మరిగించి, ఆరాక స్క్రూడ్రైవర్ మొనతో పొరల మధ్య పొడిచి చూడండి. నేను కోసిన మూల ముక్క గిన్నెలోనే విడిపోయింది. షీట్ మీద ప్రమాణం ముద్ర ఉంది కదా అని కూడా నమ్మకండి, దొంగ ముద్రలూ తిరుగుతున్నాయి. అయినా మంచి మెరైన్ ప్లై కూడా నీళ్ళలో నానుతూ ఉంటే కుళ్ళుతుంది, ఎందుకంటే బీఎస్ 1088 ముఖ్యంగా జిగురుకీ పొరలకీ సంబంధించింది. చెక్కకి పుచ్చు పట్టకుండా మందు పెట్టారని దాని అర్థం కాదు.

కొలతల విషయంలోనూ నాకు కష్టమే అయింది, నాలుగు బెజ్జాలు ఛాసిస్‌తో కలవలేదు. ఈ కార్లలో చాలావాటికి తుప్పు పట్టి, బోర్డులు కూర్చునే ఇనుప అంచులు ఎప్పుడో మార్చి ఉంటారు. అందుకే ఏ రెండు కార్లూ అచ్చంగా ఒకేలా ఉండవు. బెజ్జాలు ముందే కొట్టి ఉండటం లాభం అనుకోకండి. ఎడమ స్టీరింగా కుడి స్టీరింగా అని కూడా అడగకుండా పంపేవాళ్ళుంటే అక్కడే ఆగిపోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. "ఆర్డర్ మీద కోసిచ్చాం, వాపసు లేదు" అని అమ్మినవాళ్ళు తెగేసి చెప్పారు. ఈ మాటకి భయపడకండి. మనసు మారితే 14 రోజుల్లో వెనక్కిచ్చే హక్కు ఆర్డర్ మీద చేసిన వస్తువులకి వర్తించదు, అది నిజమే. కానీ లోపం ఉన్న సరుకు సంగతి వేరు. కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం మొదటి 30 రోజుల్లో అయితే పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ తర్వాత ఒకసారి బాగుచేసే లేదా మార్చే అవకాశం వాళ్ళకివ్వాలి. అదీ కుదరకపోతే వెనక్కిచ్చేయొచ్చు. నాకు మార్చి పంపిన సెట్ కూడా అదే రకం. చివరికి క్రెడిట్ కార్డు బ్యాంకుకి ఫొటోలతో సహా రాస్తే, సెక్షన్ 75 (కార్డుతో కొన్న సరుకు విషయంలో బ్యాంకుని కూడా బాధ్యుల్ని చేసే చట్టం) కింద డబ్బు తిరిగి వచ్చింది. వస్తువు ధర 100 పౌండ్లు దాటి, 30,000 మించకుండా ఉంటే ఈ హక్కు ఉంటుంది. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ చేయమంటే, లేదా పేపాల్‌లో స్నేహితులకి పంపినట్టు పంపమంటే ఒప్పుకోకండి. ఆ దారుల్లో ఇలాంటి రక్షణ దొరకదు.

ఇప్పుడు నా కారులో ఉన్నవి ఇక్కడి చెక్క దుకాణంలో రంగు వేయని షీట్ చూసి కొని చేయించినవి. అట్ట పరిచి ఛాసిస్ మీదే గీసుకుని, దాని ప్రకారం కోయించాను. బెజ్జాలు కాస్త పెద్దవి చేసి, లోపల, అంచుల మీద ఎపాక్సీ (నీళ్ళు దిగనివ్వకుండా గట్టిపడే జిగురు) పట్టించాకే రంగు వేయించాను. పని ఎక్కువే కానీ నమ్మకంగా కూర్చోగలుగుతున్నాను.

రంగు వేసిన సెట్ ఇప్పటికే బిగించినవాళ్ళు తర్వాతి డ్రైవ్‌కి ముందే కార్పెట్ ఎత్తండి. సీటు బోల్టుల చుట్టూ, తలుపు వైపు అంచుల్లో స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. మొన లోపలికి దిగితే ఆ బోర్డు మార్చేదాకా కారు బయటికి తీయకండి.