నల్లగొండ స్పీకింగ్ క్లబ్: నేను పోయేది ఆ 3 నిమిషాల కోసమే

క్లబ్ ఎలా నడుస్తుందో కొత్తగా చెప్పేదేం లేదు. జనం ముందు మాట్లాడటం నేర్పే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల పద్ధతి తెలిసినవాళ్లకు మాదీ తెలిసినట్టే: 5 నుంచి 7 నిమిషాల ప్రసంగం, టైమర్ చేతిలో పచ్చ, పసుపు, ఎర్ర కార్డులు, తడబాట్లు లెక్కపెట్టడానికి ఒకరు. ఏళ్లుగా ఆదివారం నిద్ర మానుకుని నేను పోతున్నది మాత్రం ప్రసంగం అయ్యాక, అదెలా ఉందో చెప్పే ఎవాల్యుయేటర్ మాట్లాడే 3 నిమిషాల కోసం.

మొదట్లో వాటి మీద నాకు గురి లేదు. ముందు ఒక పొగడ్త, మధ్యలో ఒక సలహా, చివర మళ్లీ పొగడ్త. "వాయిస్ బాగుంది సార్, చేతులు ఇంకొంచెం కదిలించండి, మొత్తానికి సూపర్." ఎవరి ప్రసంగానికైనా చెల్లే మాట. వినడానికి హాయిగా ఉంటుంది, ఇంటికెళ్లాక దాంతో చేసేదేమీ ఉండదు.

ఒకసారి తాగునీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ టెక్నిక్' మీద మాట్లాడాను. మా జిల్లా పేరున్నా, తయారుచేసింది నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, మడ్డి దిగాక పైనీళ్లు వాడుకోవడం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని అంకెలన్నీ చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ రోజు ఎవాల్యుయేటర్ విత్తనాల షాపు నడిపే ఒక పెద్దాయన. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసుకుని, ఒకవైపు తనకు అర్థమైనవి, ఇంకోవైపు కానివి రాసుకున్నాడు.

"సార్, నాకేం సమజైందో చెప్త, తప్పుంటే దిద్దుండ్రి. పటిక ఏస్తే ఫ్లోరైడ్ దాన్ని పట్టుకొని అడుగుకు దిగుతది. ఇది ఇంటికి పోయి మా ఆమెకు చెప్పగల్గుత. సున్నం ఎందుకో మాత్రం సమజ్ కాలే. మీరు మిల్లీగ్రాములు మొదలువెట్టంగనే ఎన్క వరుసల ఫోన్లు బయటికొచ్చినయి. మా బిందెకు ఎంత పటిక అన్నది చెప్తె బాగుండు."

గొంతు గురించి, చేతుల గురించి ఒక్క ముక్క లేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నాకు కావాల్సిందంతా అందులో ఉంది. పటిక నీటి క్షారతను తగ్గిస్తుంది, సున్నం దాన్ని నిలబెడుతుంది, అప్పుడే మడ్డి గట్టిపడి దిగుతుంది. ఈ ముక్క చేర్చాను. బిందె లెక్క ఇవ్వలేదు. నీటిలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మోతాదు మారుతుంది కాబట్టి, ఇంటి బోరు నీళ్లు ముందు పరీక్ష చేయించుకోమని ఆ చోట చెప్పాను. తర్వాత మర్రిగూడ దిక్కు మహిళా సంఘం మీటింగులో ఇదే మాట్లాడితే, సున్నం దగ్గర ఒకామె ఆపి "తమలపాకుల్లో ఏసే సున్నమేనా?" అంది. నేను మాట్లాడుతుండగా ఎవరైనా ఆపి అడగడం అంతకుముందు లేదు.

ఇంత మెచ్చుకున్నాను గానీ, అలాంటివాళ్లు ప్రతి వారం దొరకరు. వడ్ల కొనుగోళ్లప్పుడు సగం కుర్చీలు ఖాళీ. అప్పటికప్పుడు ఎవరినో లేపుతారు, మళ్లీ "సూపర్ సార్". అంతకన్నా మంట పుట్టించేది యాస గొడవ. డిగ్రీ చదివే ఒకమ్మాయి మాటల్లో వచ్చిన 'గట్ల', 'గిట్ల'లను కూడా తడబాట్ల ఖాతాలో రాశారు. ఊరి మాట తడబాటు ఎట్లవుతుంది? ఆ పిల్ల చాలా వారాలు కనబడలేదు. నేనూ ఇంకొందరం గట్టిగా పట్టుబడితే ఇప్పుడు మానేశారు, అలవాటు పూర్తిగా పోయిందని చెప్పలేను.

అందుకే ఈమధ్య స్టేజి ఎక్కేముందే ఎవాల్యుయేటర్‌ను అడుగుతున్నాను: "నా చేతులు వదిలేయండి, నేనేం చెప్పానో తిరిగి చెప్పండి చాలు." అలా అడిగితే కొత్తవాళ్లు కూడా బాగానే చెప్తున్నారు.

ఊళ్లలో జనంతో మాట్లాడే ఉద్యోగం నాది కాబట్టి నాకు గిట్టుబాటైంది. ఇంగ్లీషు ఇంటర్వ్యూల కోసమైతే అనుమానమే. మా అబ్బాయి ఒకసారి వచ్చి చూసి, హైదరాబాద్‌లో వేరే క్లబ్ వెతుక్కున్నాడు. వాడిది తప్పనలేను.